తాలింపు పెట్టిన ఇల్లు

కింది వాటాలో ఎవరో తాలింపు పెట్టారు. ముందు ఆవాలు చిటపటలాడాయి, ఆ వెనకే ఎండుమిర్చి ఘాటు మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. మామూలుగా ఎవరికైనా దగ్గొస్తుంది. నాకు మాత్రం మగతలాంటిదేదో కమ్ముకొస్తుంది. కళ్ళు మూసుకుంటే చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినట్టు, దుమ్ము మెల్లగా సర్దుకుంటున్నట్టు, ఆ దుమ్ములోంచి నల్ల గొడుగు ఒకటి కదిలి వస్తున్నట్టు ఉంటుంది. గొడుగు కింద మార్తమ్మగారు.

అరవైల మొదట్లో నందిగామలో ఆవిడ హెల్త్ విజిటరు, నేను ఆవిడ కింద కొత్తగా చేరిన దాన్ని. ఊళ్ళు తిరిగి ఎవరింట్లో మశూచి ఉందో, ఎంతమందికి సోకిందో, ఎవరు కోలుకున్నారో, ఎవరు పోయారో కనుక్కుని వారం వారం జిల్లా ఆఫీసుకి రాసి పంపడం, సోకనివాళ్ళకి టీకాలు వెయ్యడం మా పని. గ్రామ మునసబుల దగ్గర్నుంచి కాగితాలు రాకపోలేదు. వచ్చిన ప్రతి కాగితంలోనూ ‘ఏమీ లేవు’ అనే ఉండేది. వాళ్ళని మాత్రం ఏమని అంటాం? మశూచి అన్న మాటే నోట రాకూడదు, అమ్మవారు అనాలి. ఇంటికొచ్చిన తల్లిని లెక్కపెట్టి సర్కారుకి చెప్పడమేమిటి, కళ్ళు పోవూ! మేమూ ఆ ‘ఏమీ లేవు’నే పైకి పంపి చల్లగా కూర్చుంటే అడిగేవాడు లేడు.

“కాగితానికి ముక్కు లేదమ్మాయ్, మనకుంది,” అనేవారు మార్తమ్మగారు. వంటల వేళకి సరిగ్గా ఊళ్ళోకి దిగి, ఏ పనీ లేనట్టు వీధి వెంట నడిచేవారు. అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెట్టకూడదు. నూనె మరిగితే తల్లికి ఆగ్రహం, పిల్లవాడి ఒళ్ళు మండిపోతుంది. అందుకని పొయ్యి వెలుగుతున్నా తాలింపు వాసన రాని గుమ్మం ముందు ఆవిడ గొడుగు ముడిచేవారు. “కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా,” అంటూ లోపలికి వెళితే, వేపమండల మీద పడుకున్న పిల్లవాడు కనిపించేవాడు. నాకది గారడీలా ఉండేది. తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే ఆవిడ నిద్రపోయేవారు, నందిగామ రాగానే ఎవరూ లేపకుండానే లేచేవారు. నేను కిటికీ పక్కన కూర్చుని, పొలాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు మీద పొద్దు వాలడం చూస్తూ, ఈ ఉద్యోగం ఒక కల అనుకునేదాన్ని.

ఒక చైత్రంలో చిల్లకల్లు దగ్గర బస్సు దిగి, లోపలికి నడిచి ఓ పల్లెకి వెళ్ళాం. వేపపూత రాలుతోంది. ఒక ఇంటి తాలింపుకి వీధి వీధంతా దగ్గుతోంది. అది అచ్చమ్మ ఇల్లు. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది, కొడుకు పొలంలో ఉన్నాడు, ఇంట్లో అచ్చమ్మా ఐదేళ్ళ మనవడూ. “ఈ ఇంట్లో ఏం లేదు, పదండి అక్కయ్యగారూ,” అన్నాను. ఆవిడ కదల్లేదు. “ఒక ముసలమ్మకీ ఒక పిల్లాడికీ ఇన్ని తాలింపులా?” అన్నారు. నిజమే, లోపల మళ్ళీ ఆవాలు పేలాయి. వాటి మధ్య ఎవరో ఏడుస్తున్నారు.

వెళ్ళి చూస్తే అచ్చమ్మ పొయ్యి ముందు గరిటె పట్టుకుని కూర్చుని ఉంది. నూనెలో గుప్పెడు ఆవాలు వెయ్యడం, లోపలి గది వైపు తిరిగి లెంపలేసుకోవడం, మళ్ళీ వెయ్యడం. లోపలి గదిలో పిల్లవాడు ఒళ్ళంతా పొక్కులతో మూలుగుతున్నాడు.

“నీ ముక్కు సంగతి ఊరందరికీ తెలిసిపోయింది మార్తమ్మా,” అంది అచ్చమ్మ. “వాసన లేకపోతే వచ్చేస్తావు, పక్కోళ్ళకి అంటుద్దని నా పిల్లోణ్ణి ఎత్తుకెళ్ళి ఊరవతల పాకలో పడేయిస్తావు. అందుకే పెట్టా. తల్లి ఇంట్లో ఉండగానే పెట్టా. ఇంక వాణ్ణి బతకనిచ్చిద్దా ఆ తల్లి?”

మార్తమ్మగారి మొహం పాలిపోయింది. ఆదివారం చర్చి మానని మనిషి ఆవిడ. చెప్పులు విడిచి, లోపలి గడప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు. “తల్లీ, ఈ తాలింపు ఈవిడది కాదు. నేను పెట్టించా. కోపముంటే నా మీద చూపించు.” తర్వాత అచ్చమ్మ వైపు తిరిగి, “పిల్లాణ్ణి ఈ గడప దాటించను పెద్దమ్మా, నా మాట నమ్ము. ఇంకా ఎవరిళ్ళల్లో ఉందో చెప్పు. మిగతా పిల్లల్నన్నా కాపాడుకుందాం,” అన్నారు. అచ్చమ్మ గరిటె కింద పెట్టి, చెప్పింది. పొద్దు గూకేదాకా ఆ వీధిలో అందరికీ టీకాలు వేశాం.

బస్సులో ఉండబట్టలేక అడిగాను. “మీరు అవన్నీ నమ్ముతారా అక్కయ్యగారూ?”

“ఆవిడ నమ్ముతోందిగా,” అన్నారు. ఆ రోజు మాత్రం నిద్రపోలేదు.

పై వారం మేం వెళ్ళేసరికి పిల్లవాడు పోయాడు. అచ్చమ్మ జుట్టు విరబోసుకుని వీధిలోకి వచ్చి, “నా ఇంటి దీపం ఆర్పావు కదే! నీ మూలంగానే కదే నేను తాలింపు పెట్టింది!” అని మార్తమ్మగారి మీద దుమ్మెత్తి పోసింది. వాడు మశూచితో పోయాడు గానీ తాలింపుతో కాదని చెప్పబోయాను. మార్తమ్మగారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

“నోరు ముయ్యి అమ్మాయ్. ఆ తప్పు నాది కాకపోతే ఆవిడదవుద్ది. ఆవిడ మొయ్యలేదు.” ఆ మాట నాకు మాత్రమే వినబడేలా అని, తల వంచుకుని, “నాదే తప్పు పెద్దమ్మా,” అన్నారు పైకి.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేసిన మంచికి ఇదా ఫలితమనుకున్నాను. ఆవిడ మాత్రం మళ్ళీ వారమూ వెళ్ళారు, ఆ పై వారమూ వెళ్ళారు. వాసన చూడడం పూర్తిగా మానేశారు. తిన్నగా అచ్చమ్మ అరుగు ముందుకే వెళ్ళి నిలబడేవారు. అచ్చమ్మ కడుపారా తిట్టేది. ఎండలో నిలబడి ఆవిడ వినేవారు. తిట్లు అయ్యాక అచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, “ఆ మూలింటి పిల్లకి ఒళ్ళు కాలిపోతంది, పోయి చూడు,” అనేది. ఆ ఊరి కబురు మాకు ఒక్కటీ తప్పిపోలేదు.

కొన్నాళ్ళకి మార్తమ్మగారికి జగ్గయ్యపేట బదిలీ అయింది. ఆ ఊరికి మొదటిసారి ఒక్కదాన్నే వెళ్ళాను. అచ్చమ్మ నా వెనక్కి చూసింది.

“అదేదీ?”

“బదిలీ అయింది పెద్దమ్మా. ఇంక రారు.”

అచ్చమ్మ అరుగు మీద కూలబడింది. వేపచెట్టు నీడ ఆవిడ పాదాల మీద కదులుతోంది. “మరి నేనెవర్ని తిట్టుకోను?” అంది, పసిపిల్లలా.

గొడుగు ముడిచి ఎదురుగా నిలబడ్డాను. “నన్ను తిట్టండి పెద్దమ్మా,” అన్నాను.

తిట్టింది. ఆ తిట్లలో ఒక్కటి కూడా నేను ఇంతవరకు మరిచిపోలేదు.