పెంచలప్రసాద్ మీద శోకం

ఆత్మకూరులో పెంచలప్రసాద్ ఎవరంటే చాలామందికి తెలీదు. గిటారు సార్ అంటే బస్టాండులో పూలమ్మే ఆమె కూడా ఇల్లు చూపిస్తుంది. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. యాభై రెండేళ్లొచ్చాయి, పెళ్లీ పెటాకులూ లేవు. వరికుంటపాడు దగ్గరి పొలం కౌలుకిచ్చి, తల్లి వెంకమ్మను తెచ్చుకుని ఇక్కడే ఉంటున్నాడు.

ఈ పాటల పిచ్చి నెల్లూరులో చదివే రోజుల్లో పట్టుకుంది. రోడ్డు పక్కన కొన్న పాత క్యాసెట్టులో అమెరికా పల్లెపాటలు విన్నాడు. బొగ్గు గనుల కూలీలవి, కరువుకు ఊళ్లొదిలిన రైతులవి. మాటలు సగమే అర్థమయ్యాయి గానీ, ఆ కరువు అచ్చం ఉదయగిరి కరువులాగే వినిపించింది. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాడు. అరవై డెబ్భై ఏళ్ల కిందట అక్కడి పట్నం కుర్రాళ్లు టేపురికార్డర్లు మోసుకుని కొండల్లోకి పోయారట. మూలనున్న ముసలివాళ్లను వెతికి పట్టుకుని వేదికలెక్కించారట. అలా బతికిన పాటలు అక్కడి నల్లవాళ్ల సమాన హక్కుల ఊరేగింపుల్లో వేలమంది నోట పలికాయట. అది చదివిన రోజు మనవాడికి అన్నం సయించలేదు. ఇక్కడ ఆ పని నేనే చేస్తానని లేచాడు. అప్పట్నించీ సెలవొస్తే చాలు, కలిగిరి, సీతారామపురం తిరిగి, ఎక్కడెక్కడి నాట్ల పాటలో, బావి తవ్వే పాటలో మూడొందలు పోగుచేశాడు. మంచి పనే, కాదనను. మంచి పని చేస్తున్నానన్న ధీమా మాత్రం మంచిది కాదు. ఎదుటివాళ్లు వద్దంటే వినపడదు.

పోయిన వేసవిలో సోమశిల ముంపు కాలనీలో కామమ్మ దొరికింది. ఆమె ఊరు డ్యాము నీళ్లలో పోయి నలభై ఏళ్లు దాటింది. ఎవరింట్లో చావైనా శవం పక్కన కూర్చుని శోకం పెట్టడానికి ఆమెనే పిలిచేవాళ్లు. ఆ పాట ఇప్పుడు ఆమెకొక్కదానికే వచ్చు.

“శవం లేకుండా శోకమేంది నాయనా?” అంది కామమ్మ. “పోయినోళ్ల పేరు లేకపోతే పాట నడవదు. ఎత్తుకున్నాక శవాన్ని లేపిందాకా ఆపకూడదు.”

“నువ్వు పోతే పాట కూడా పోతాదవ్వా. పేరే కదా కావాల్సింది? నా పేరు పెట్టు.”

కామమ్మ అతని మొహంలోకి చూసింది. “మీ అమ్మ ఉండాదా?”

“ఉండాది.”

“అయితే పాడను.”

ప్రసాద్ వదిలే రకం కాదు. మూడు ఆదివారాలు తిరిగాడు, కాళ్లావేళ్లా పడ్డాడు. నాలుగో ఆదివారం ఆమె ఎత్తుకుంది. “ఏ దారిన పోతివి నాయనా పెంచలప్రసాదూ, ఎనక్కి తిరిగి సూడకుండా...” ప్రతి చరణం చివరా అతని పేరే. ఏడు నిమిషాలయ్యాక, రికార్డుకి ఇది చాలనుకుని, చెయ్యెత్తి ఆపమన్నాడు. పాట మధ్యలో తెగింది.

“ఆపించినావు,” అంది కామమ్మ, తల పట్టుకుని. “ఇంటికి పో. కొన్నాళ్లు రోడ్ల మీద తిరగబాక.”

ప్రసాద్ నవ్వి, ఆ శోకం కింద గిటారు వాయించి నెట్టులో పెట్టాడు. వారంలో అది అందరి ఫోన్లకూ పాకింది. పదో రోజు పొద్దున వరికుంటపాడు నుంచి బంధువు మాల్యాద్రి పెద్ద పూలదండతో ఆటో దిగి, గేటు దగ్గరే గుండెలు బాదుకున్నాడు. తలుపు తీసింది వెంకమ్మ.

“ఎప్పుడు పోయినాడు పెద్దమ్మా? ఫోన్లో పాటొచ్చిందాకా మాకు తెలీదే!”

ప్రసాద్ గడ్డానికి సబ్బు నురగతో బయటికొచ్చాడు. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. వెంకమ్మ నవ్వలేదు. ఆ పాట పెట్టమని, చివరిదాకా వింది.

“ఇది మధ్యలో ఆగిందేందిరా?” అని మాత్రం అడిగింది.

ఆ గురువారం కాలేజీ మలుపులో అతని బండి లారీ కిందికి పోయింది. ప్రసాద్ ఇసక కుప్ప మీద పడి బతికాడు. సోమవారం పాఠం చెబుతూ బోర్డు మీద రాయడానికి లేచాడు. వెనక ఫ్యాను ఊడి, అతను లేచిన కుర్చీ మీదే పడింది. ఏదో అలా జరిగిందిలే అని స్టాఫ్‌రూములో చెప్పాడు గానీ, భయమేసింది, నిజంగా భయమేసింది. నెట్టులో పాట తీసేశాడు. జనం ఫోన్లలోంచి ఎలా తీస్తాడు?

మర్నాడు పొద్దున వెంకమ్మ ఇంట్లో లేదు. ముంపు కాలనీకని ఆటో ఎక్కిందని పక్కింటివాళ్లు చెప్పారు. ప్రసాద్ పరుగున పోయేసరికి, కామమ్మ వసారాలో చాప మీద, శవాన్ని పెట్టినట్టు దక్షిణానికి తలపెట్టి పడుకుని ఉంది తల్లి.

“ఎక్కడ ఆపినావో ఆడ్నించే ఎత్తుకో కామమ్మా. వాడి పేరు తీసెయ్, నాది పెట్టు.”

“అమ్మా, లెయ్! పిచ్చి పట్టిందా నీకు?”

“కూర్చో. నీకు పాటలే తెలుసు, అవెందుకుండాయో తెలీదు.”

కామమ్మ నిజంగానే ఏడుస్తూ ఎత్తుకుంది. వెంకమ్మ ముందే చెప్పినవన్నీ పాటలో వరస కట్టింది. పదిహేనేళ్లకు కాపురానికొచ్చింది, కరువులో నాలుగు మైళ్లు నీళ్లు మోసింది, ప్రసాద్‌కి ముందు ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టింది. ఆ ముగ్గురి సంగతి ప్రసాద్‌కి తెలీనే తెలీదు. ఊరూరా తిరిగి మూడొందల పాటలు అడిగినవాడు, తల్లిని ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో, భయంతో చాప పక్కనే కూలబడ్డాడు.

“ఇంక లేపరా నన్ను,” అంది వెంకమ్మ కళ్లు మూసుకునే. “నువ్వు లేపితేనే ఆగుతాది.”

రెండు చేతులా తల్లిని ఎత్తుకున్నాడు. పాట ఆగింది. ఆమె ఊపిరి మెడకు తగులుతోంది.

రోడ్డు మీదికి రాగానే, “దించు నాయనా, నడుస్తాను,” అంది.

పేరు మార్చిన పాట ఆమెకెక్కడ తగులుతుందోనని, దించడానికి అతనికి చేతులు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ కామమ్మ వైపు తిరిగి, “దించొచ్చా అవ్వా?” అని అడిగాడు.

కామమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.