కసరత్తు హాల్లో రాజుగారి చావు దరువు

దరువు తాత ఘనతలు చెప్పడం మొదలుపెడితే వినేవాడికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి గానీ ఘనతలు అయిపోవు. నాటక సమాజంలో జీవితమంతా ఢోలక్ వాయించినవాడు. రాజుగారు కత్తిపోటుతో నేలకూలే ఘట్టంలో ఆయన రెండు వేళ్లతో, ఆగి ఆగి కొట్టుకునే గుండెలా దరువు వేస్తే, ముందు వరుసలో మొదలైన ముక్కుచీదుడు ఆఖరి వరుస దాకా పాకేది. టిక్కెట్లు చింపేవాడికి అది రోజూ చూసే నాటకమే. అయినా తలుపు చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకునేవాడు. ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోయి జనమంతా తలుపుల మీద పడబోతే, తాత చీకట్లోనే నింపాదిగా నడక దరువు అందుకున్నాడు. అంతే, తోసుకోవడం మాని ఒకరి వెనక ఒకరు బుద్ధిగా బయటికి నడిచారు. ఇందులో ఆవగింజంత అతిశయోక్తి లేదు. ఈ సంగతులన్నీ ఆయన స్వయంగా చెప్పినవే.

"మాట చెవి దాకానే పోతుంది. దరువు మోకాళ్ల దాకా పోతుంది. మోకాళ్లెటు పోతే మనసూ అటే," అనేవాడు. చదివింది పల్లెటూరి బడిలో నాలుగు ముక్కలే అయినా, ఈ ముక్క ఏ కాలేజీలోనూ చెప్పరని ఆయన గట్టి నమ్మకం.

భార్యకు మాత్రం ఈ ఘనతల మీద అంత గురి లేదు. "జనాన్ని ఏడిపించడానికి ఢోలక్ ఎందుకండీ? మనిషికో ఉల్లిపాయ పంచితే పోలా?" అనేది.

సమాజం మూతపడ్డాక ఢోలక్ బీరువా ఎక్కింది, తాత వరండాలో కుర్చీకి దిగాడు. ఇల్లు నడిపే భారం కోడలి మీద పడింది. ఆ పిల్ల బట్టల కొట్టు పై అంతస్తులో హాలు అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఆడవాళ్లకు కసరత్తు నేర్పేది. స్పీకరు పెట్టెలో పాట, పాటకు తగిన గెంతులు. బండి బాగానే సాగుతుండగా వీధి చివర అద్దాల జిమ్ము వెలిసింది. మొదటి వారం ఉచితమట! క్లాసులో పెద్దరికం వహించే రిటైరైన నర్సమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"చూడమ్మాయ్, సోమవారం ఒక్కరోజు వస్తాం. హుషారుగా ఉంటే సరే. లేదంటే అందరం కలిసి అటే పోతాం. తర్వాత నన్ను అనుకోకు."

సరిగ్గా ఆ సోమవారమే, ఇంట్లోంచి బయల్దేరబోతుండగా, పరీక్షకని పెట్టిన స్పీకరు గుర్రుమని, కాస్త పొగ వదిలి కన్ను మూసింది. కోడలు తల పట్టుకుని కూర్చుంది. తాత మాత్రం అప్పటికే స్టూలెక్కి ఢోలక్ దించుతున్నాడు.

"నేనున్నాగా తల్లీ!"

"మామయ్యగారూ, అది నాటకం కాదండీ. కసరత్తు."

"ఏదైతేనేం? వాళ్లకి మోకాళ్లున్నాయా లేదా?"

"ఉన్నాయండీ. సగం మందికి నొప్పులు కూడా ఉన్నాయి."

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "రోలెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మీ వరస! తీసుకుపోవే. ఇక్కడుంటే ఆ మోత నేను వినాలి."

హాల్లో ఆడవాళ్లు చాపలు పరుచుకుని నిలబడ్డారు. కిటికీ పక్కన కుర్చీలో ఢోలక్‌తో కూర్చున్న ముసలాయన్ని చూసి కొందరు మూతులు బిగబట్టి నవ్వారు. కోడలు "మామయ్యగారూ, ముందు ఒళ్లు సడలాలి. కాస్త నెమ్మదిగా కొట్టండి చాలు," అంది.

నెమ్మది అనగానే తాతకు తన జీవితంలోకెల్లా గొప్ప నెమ్మది గుర్తొచ్చింది. ఇంతమంది జనం ఎదురుగా నిలబడి ఎన్నేళ్లయింది! చెయ్యి దానంతటదే రాజుగారి చావు దరువులోకి జారిపోయింది.

పైకి లేచిన చేతులు పైనే ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్కటీ బరువుగా కిందికి దిగాయి. నర్సమ్మ చాప మీద కూలబడి, "ఎందుకో మా అన్నయ్య గుర్తొస్తున్నాడే," అంది. పక్కావిడ ఓదార్చబోయి తానే బావురుమంది. పోయినవాళ్లూ, దూరమైనవాళ్లూ, ఎప్పుడో చచ్చిపోయిన పిల్లీ, అందరూ హాల్లోకి వచ్చేశారు. కసరత్తుకు తెచ్చుకున్న తువ్వాళ్లు చెమట చూడకుండానే తడిసిపోయాయి.

తాతకు లోపల పండగే. చెయ్యి ఇంకా చావలేదన్నమాట!

"మామయ్యగారూ!" కోడలు దాదాపు ఏడుపు గొంతుతో అరిచింది. "కరగాల్సింది కొవ్వండీ, మనుషులు కాదు!"

"హుషారు కావాలా? అలా చెప్పు మరి!" అంటూ తాత యుద్ధం దరువు ఎత్తుకున్నాడు.

హాలు ఒక్కసారిగా లేచింది. కాళ్లు ఎగిరాయి, మోచేతులు ఊగాయి. ఆ ఊపులో దర్జీ ఆవిడ మోచెయ్యి వెళ్లి పక్కనున్న బడి టీచరమ్మ భుజానికి తగిలింది.

"కళ్లు కనిపించట్లేదా?" అంది టీచరమ్మ.

ఇక్కడ తాత ఒక పొరపాటు చేశాడు. ఆ పొరపాటు నాటకాల ఢోలక్ వాళ్లే చెయ్యగలరు. జీవితమంతా ఎవరు గట్టిగా మాట్లాడినా వెనక దరువు వేసిన చెయ్యి అది. టీచరమ్మ మాట ముగియగానే ధన్‌మని ఒక దెబ్బ వేసింది.

ఆ దెబ్బతో టీచరమ్మకు ఎక్కడలేని బలం వచ్చింది. "నా జాకెట్టు కుట్టమని ఇచ్చి ఎన్నాళ్లయింది? అడిగితే రేపంటావు, రేపొస్తే ఎల్లుండంటావు!"

ధన్ ధనాధన్!

దర్జీ ఆవిడ నడుం మీద చేతులు పెట్టింది. "ఇచ్చిన కొలతేంటి, ఇప్పుడున్న ఒళ్లేంటి? ఏం కుట్టమంటావు, గుడారమా?"

ధనాధన్ ధనాధన్ ధన్!

"నన్ను గుడారమంటావా!" అని టీచరమ్మ ముందుకురికింది. వెనక వరుసలో ఇద్దరు చెప్పులు వేసుకున్నారు. నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని, "పదండే, అక్కడ కనీసం అద్దాలున్నాయి," అంది. తాత కళ్లు మూసుకుని పరవశంగా వాయిస్తూనే ఉన్నాడు.

కోడలు అరవలేదు. హాలు మధ్యకు వచ్చి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. "మామయ్యగారూ, నా చప్పట్లు వినండి. నా వెనకాల రండి."

తాత కళ్లు తెరిచాడు. వెనకాల రావడమా? ఎంతటి రాజులూ తన వెనకాల నడిచారే! పైగా ఈ పిల్ల చప్పట్లకు నిలకడ లేదు. సాగుతూ సాగుతూ ఒకచోట పిసరంత ఆగుతోంది. లయ తప్పుతోందని చెప్పబోయి, ఆమె వంక చూశాడు. కోడలి చూపు నర్సమ్మ కుడి మోకాలి మీద ఉంది. గుమ్మం వైపు వెళ్తున్న ఆ మోకాలు ఎక్కడ తడబడుతోందో, చప్పట్లు సరిగ్గా అక్కడ ఆగుతున్నాయి. తప్పు కాదు, ఆ పిల్ల దానికోసం చోటు వదులుతోంది.

తాత జనాన్ని ఏడిపించాడు, నవ్వించాడు, నడిపించాడు. వాళ్లలో ఎవరి మోకాలు నొస్తోందో మాత్రం ఏనాడూ చూడలేదు.

వేళ్లు దించి, కోడలి చప్పట్ల కింద మెత్తగా దరువు పరిచాడు. ఆమె ఆగినచోట ఆగాడు. గుమ్మంలో ఉన్న నర్సమ్మ అడుగు దానంతటదే దరువులో పడింది. ఆవిడ సంచీతోనే వెనక్కి తిరిగింది. ఒక్కొక్కరే చెప్పులు విడిచి వరుసలోకి వచ్చారు. అడుగులు వేస్తూనే దర్జీ ఆవిడ, "రేపిస్తాలే," అంది. "గుడారమా, జాకెట్టా?" అంది టీచరమ్మ, అడుగు తప్పకుండా. నర్సమ్మకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు హాలంతా తిరిగింది.

క్లాసయ్యాక నర్సమ్మ చెమట తుడుచుకుంటూ తీర్పు చెప్పింది. "అమ్మాయ్, ఎక్కడికీ పోం. ఆ అద్దాల్లో మా ఒళ్లు మేమే చూసుకుని ఏం బావుకుంటాం? కానీ తాతగారూ, ఆ ఏడుపు దరువుంది చూశారూ, అది వారానికోసారి వెయ్యాలి. గుండె తేలికైంది."

"వేస్తారు. కానీ ఎంతసేపో నేను చెప్తాను," అంది కోడలు.

"అలాగే తల్లీ," అన్నాడు తాత.

మధ్యాహ్నం అన్నాల దగ్గర తాత ఘనతలు మళ్లీ ఎత్తుకున్నాడు. రాజుగారి చావు, కరెంటు పోయిన ఆట అన్నీ వరసగా చెప్పి, ఆఖర్న గొంతు సవరించుకుని కొత్తది కలిపాడు. "ఇవాళ నేను మన కోడలి వెనక వాయించా. అది అందరి వల్లా అయ్యే పని కాదు, తెలుసా?"

భార్య గరిటె ఆపి ఆయన వంక చూసింది. "పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ఇంట్లో ఎన్ని చప్పట్లు కొట్టానో! ఒక్కటీ వినపడలేదేం?"

కోడలు పొరబోయి నీళ్ల కోసం వెతుక్కుంది. తాత లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి కోడలికిచ్చాడు, ఇంకో గ్లాసు తెచ్చి భార్య ముందు పెట్టాడు.