గుండ్రటి అర్జీలో మొదటి సంతకం

నేను చేసింది చాలా చిన్న పని. ఒక కాగితం మీద ఒక చోట వేలు పెట్టాను. నోరు కూడా విప్పలేదు. ఆరేళ్ళయింది. ఆ వేలితోనే అన్నం కలుపుకుంటున్నాను, ఆఫీసులో కీబోర్డు కొడుతున్నాను, చర్చిలో పాటల పుస్తకం పేజీలు తిప్పుతున్నాను. ఏ పనిలో ఉన్నా మధ్యలో ఒకసారి దాని వైపు చూపు పోతుంది. 

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఒక్క మాట. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టుకోండి. నాకా అలవాటుంది.

మాది రాజోలు వైపు ఒక ఊరు. పేరు అక్కర్లేదు. మా పేట మొత్తానికి మంచినీళ్ళ చెరువు ఒక్కటే. దాని పక్క పొలాలు రొయ్యల చెరువులయ్యాక ఆ ఉప్పు మా నీళ్ళలోకి దిగింది. ముందు పప్పు ఉడకడం మానేసింది. తర్వాత టీ పెడితే పాలు విరిగిపోవడం మొదలైంది. కోనసీమలో ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వలేకపోవడం ఎంత తలవంపులో వేరే చెప్పాలా? చుట్టాలొస్తే మా అమ్మ కూల్‌డ్రింకు తెప్పించి, "ఎండలు మండిపోతున్నాయి కదండీ" అనేది. క్రిస్మస్ వారంలో కూడా అదే మాట.

పెద్దవాళ్ళలో సగం మంది ఆ రొయ్యల చెరువుల మీదే పనికి వెళ్ళేవాళ్ళు. అందుకని వాళ్ళు నోరెత్తలేదు. మేము ఎత్తాం. పదిహేడు మందిమి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చునేవాళ్ళం. మాలో అందరికంటే గట్టిగా మాట్లాడేది కెజియా. అది ఆమె అసలు పేరు కాదు, నేను పెట్టిన పేరు. ఒకటో తరగతి నుంచీ నా పక్కన కూర్చున్న మనిషి. నర్సింగ్ పాసయింది. గొంతు పెద్దది. పాటలో తను శ్రుతి తప్పినా తగ్గేది కాదు, మిగతావాళ్ళందరూ తన శ్రుతిలోకి రావలసిందే. నా దస్తూరి బాగుంటుంది. అందుకని అర్జీలు రాయడం నా వంతు.

మూడు అర్జీలిచ్చాం. మూడూ ఎక్కడికి పోయాయో తెలియదు. అప్పుడు తహసీల్దారు ఆఫీసు దాకా అందరం నడిచి వెళ్దామన్నాం. ఊరేగింపుకు పర్మిషన్ కావాలన్నారు. అడిగితే ఇవ్వలేదు. జాతరకు రోడ్డుంది, పెళ్ళికి రోడ్డుంది, గెలిచిన నాయకుడి మోటారు సైకిళ్ళకు రోడ్డుంది. మాకు లేదు. "నడవడానికి పర్మిషనేంటే, మనమేమన్నా లారీలమా?" అంది కెజియా. అందరం నవ్వాం. పర్మిషన్ లేకుండానే నడవాలని ఆ నవ్వులోనే తేలిపోయింది.

నాలుగో అర్జీ రాశాను. మాకు నీళ్ళు కావాలని, ఆ మాట అడగడానికి రోడ్డు మీదకు వచ్చే హక్కు కూడా మాకుందని. రాయడం తేలికే. సంతకాల దగ్గరకు వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. పైన ఎవరి పేరుంటే కేసు వాళ్ళ మీదే పడుతుందని అందరికీ తెలుసు. అప్పుడు కెజియా వాళ్ళింటికెళ్ళి ఒక స్టీలు పళ్ళెం తెచ్చింది. కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. ఆ గీత వెంబడి గుండ్రంగా సంతకాలు చేయాలట. ఎవరు ముందో ఎవరు వెనకో చూసినవాళ్ళకు తెలియకూడదట.

ఆలోచన బాగానే ఉంది. కానీ పెన్ను ఎవరూ తియ్యలేదు. గుండ్రమైనా సరే, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా. నేను తీశాను. "రాసింది నేనే కదా, నేనే పెడతా" అన్నాను. గడియారంలో పన్నెండు ఉండే చోట నా సంతకం చేశాను. నా పక్కనే, ఒంటిగంట దగ్గర, కెజియా చేసింది. చప్పట్లు కొట్టారు. ఆ అయిదు నిమిషాలూ నేను నిజంగానే ధైర్యవంతురాలిని. దాన్ని ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆ అయిదు నిమిషాలను తలుచుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. చూశారా, వెనకేసుకొస్తున్నాను.

నడిచిన రోజు అందరికీ గుర్తుండిపోయింది కెజియా టీ వల్ల. మా చెరువు నీళ్ళతోనే టీ కాచి ఫ్లాస్కులో పోసుకొచ్చింది. ఆఫీసు మెట్ల మీద అర్జీ ఇచ్చాక, తహసీల్దారు గారికి గాజు గ్లాసులో పోసి రెండు చేతులతో అందించింది. "పుచ్చుకోండి సార్. ఆయ్, మా నీళ్ళతోనే పెట్టేం." పాలు విరిగి ముద్దలు ముద్దలుగా తేలుతున్నాయి. ఆయన తాగలేడు. ఇంత మర్యాదగా ఇచ్చినదాన్ని కింద పెట్టలేడు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది అమలాపురం దాకా వెళ్ళింది. తర్వాత మేము గంటసేపు రోడ్డు మీద కూర్చున్నాం. బస్సులాగాయి. కేసు పెట్టడానికి అది చాలింది.

మూడో రోజు పొద్దున పది గంటలకు నన్ను స్టేషన్‌కు రమ్మన్నారు. దస్తూరి ఎవరిదో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నాన్న తోడొచ్చాడు. ఆయన టైలరు. బెంచీ మీద కూర్చుని చొక్కా అంచు మడతపెడుతూ విప్పుతూ ఉన్నాడు. ఎస్సై గారు అరవలేదు. అరిచి ఉంటే నేను మొండికేసేదాన్నేమో. ఏమో.

"కూర్చోమ్మా. గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చిందంట కదా?"

"ఆయ్, వచ్చే నెల సర్టిఫికెట్ల వెరిఫికేషనండి," నా బదులు నాన్న చెప్పాడు.

"మంచిదండి. పదిహేడు మంది పిల్లల మీద కేసు కట్టాలంటే నాకు మాత్రం ఏం బావుంటదండీ? ఒక్క పేరు చాలు. మిగిలినోళ్ళు 'మరికొందరు' అని రాసేస్తాం." మా అర్జీని బల్ల మీద నా వైపు తిప్పాడు. "ఈ గుండ్రంలో ముందు సంతకం ఎవరు పెట్టేరమ్మా?"

నేను తల దించుకున్నాను.

"నోటితో చెప్పక్కర్లేదమ్మా. వేలు పెట్టి చూపించు. నువ్వు చెప్పినట్టు కూడా ఉండదు."

"చూపించెయ్యమ్మా," అన్నాడు నాన్న.

నాన్నను ఇందులోకి లాగను. ఆ మొదటి సంతకం నాదని ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. తెలిసింది ఆ గదిలో నాకొక్కదానికే.

నా వేలు ముందు పన్నెండు దగ్గరకే వెళ్ళింది. ఇది నిజం. నా సంతకం మీద ఆనకుండా కాసేపు ఆగింది. తర్వాత ఒక అంగుళం పక్కకు జరిగి కెజియా పేరు మీద ఆనింది. ఎస్సై గారు ఆ పేరు కింద చిన్న టిక్కు పెట్టుకున్నాడు. మాకు టీ తెప్పించాడు. అది మంచి నీళ్ళతో పెట్టిన టీ. తాగాను. చాలా బాగుంది. ఆ రుచి ఇంకా గుర్తుండడం చూసి నామీద నాకే అసహ్యం వేస్తుంది.

తెలియదని అనొచ్చు కదా? అనొచ్చు. ఎవరూ కొట్టలేదు, బెదిరించనైనా లేదు. సరే, భయపడ్డాను, ఉద్యోగం పోతుందనుకున్నాను. మరి మిగిలిన పదహారు పేర్లలో ఆమె పేరే ఎందుకు? పక్కనే ఉంది కాబట్టి వేలు అటు పడిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఆమెది పెద్ద గొంతు, తట్టుకుంటుందని కూడా చెప్పుకున్నాను. రెండూ సాకులే. వీడియోలో కనిపించింది ఆమె. ఊరంతా మాట్లాడుకున్నది ఆమె టీ గురించి. ముందుగా పెన్ను తీసింది నేనన్న సంగతి మూడు రోజుల్లోనే అందరూ మర్చిపోయారు. నాకు కుళ్ళుగా ఉంది. అంత పేరు నీకే కావాలి కదా, తీసుకో అన్నట్టు చూపించాను. ఆ క్షణంలో అలా అనుకున్నానా, ఇప్పుడు అనుకుంటున్నానా? అప్పుడే అనుకున్నాను. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

ఇంకొకటి చెప్పాలి. ఆమెకు కువైట్ ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైందని నాకు తెలుసు. పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టినప్పుడు నెట్ సెంటర్లో పక్కన కూర్చుని స్పెల్లింగులు చూసింది నేనే. పోలీసు ఎంక్వయిరీ దగ్గర కేసుందంటే ఏమవుతుందో కూడా తెలుసు. తెలిసే వేలు పెట్టాను.

కెజియా మొదటి ముద్దాయి అయింది. మేమంతా 'మరికొందరు' అయ్యాం. పాస్‌పోర్టు ఆగిపోయింది. కువైట్ వాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరే అమ్మాయిని తీసుకున్నారు. నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగింది. చివరికి కేసు కొట్టేశారు. అప్పటికి ఆమెకు వెళ్ళాలన్న ఆశ కూడా పోయింది. ఇప్పుడు అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. రోజూ రెండు బస్సులు మారుతుంది. నాకు మాత్రం ఉద్యోగం వచ్చింది. పక్క ఊరి సచివాలయంలో. నా చేతికి వచ్చిన మొదటి పని జనం తెచ్చే అర్జీలు తీసుకుని రసీదులు ఇవ్వడం.

మా అమ్మకు విరేచనాలై నీరసించిపోయినప్పుడు సెలైన్ పెట్టడానికి కెజియా వచ్చింది. ఆ రోజు చెప్పేద్దామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తోచక కేసు సంగతి ఎత్తాను. తను నవ్వేసింది. "నన్ను కూడా అడిగేరే, ముందు సంతకం ఎవరిదని. గుండ్రానికి మొదలెక్కడుంటదండీ అన్నాను. ఆ ఎస్సై మొహం చూడాలి నువ్వు." ఇంకా నవ్వుతూనే సీసా ఎత్తు సరిచేసింది. "టీ ఇచ్చింది నేనే కదా, అందుకే నామీద పడ్డారు. పోన్లేవే, నువ్వన్నా గట్టెక్కేవు."

అంటే ఆమెనూ అదే ప్రశ్న అడిగారు. ఆమెకూ జవాబు తెలుసు. ఆ జవాబు నా పేరు. తన పాస్‌పోర్టు పోతుందని తెలిసి కూడా ఆమె చెప్పలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి ఆమెకు టీ పెట్టాను. పాలు విరగలేదు. ఆ కేసు గొడవ పెద్దదవుతుందని పైవాళ్ళు అప్పట్లోనే మా చెరువు పక్కనున్న రెండు రొయ్యల చెరువులు పూడ్పించారు. రెండేళ్ళలో నీళ్ళు తేరుకున్నాయి. కెజియా వల్ల మా పేటంతా టీ తాగుతోంది. గ్లాసు అందించాను. చెప్పలేదు. ఆమె తాగి, బాగుందని, ఆఖరి బస్సుకు పరుగెత్తింది.

ఆమె ఎప్పుడో ఊహించి ఉంటుందా? 'నువ్వన్నా గట్టెక్కేవు' అనేటప్పుడు నా మొహం వైపు చూసిందా? నేనప్పుడు గోడ వైపు చూస్తున్నాను. కాబట్టి నాకు తెలియదు.

మొన్న మా ఆఫీసుకు కాలేజీ పిల్లలొచ్చారు. హాస్టల్లో తిండి బాగాలేదని, ధర్నా చేసుకుంటామని అర్జీ. సంతకాలు గుండ్రంగా ఉన్నాయి. పళ్ళెం అంచు పెన్సిలు గీత కూడా అలాగే ఉంది. ఎవరు నేర్పారని అడిగితే, ఒక అమ్మాయి గర్వంగా కెజియా పేరు చెప్పింది. వాళ్ళు వెళ్ళాక మా పైఅధికారి ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "వీళ్ళలో ముందెవరండీ?" అన్నారు. "తెలీదండి," అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు కాస్త తేలిగ్గా అనిపించింది కూడా. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. నాకు నిజంగానే తెలియదు. తెలియని సంగతి చెప్పకపోవడంలో గొప్పేముంది? తెలిసి ఉంటే ఏం చేసేదాన్ని? బల్ల మీద నా చెయ్యి ఎక్కడ ఉండేది?

ఆమె దగ్గరకు వెళ్ళి చెప్పమంటారు మీరు. నాకూ తెలుసు. క్షమించమని అడిగితే కెజియా క్షమించేస్తుంది, అదే నా భయం. నాలుగేళ్ళ వాయిదాలు మోసిన మనిషి నా ఏడుపు కూడా మోయాలా? ఇది కూడా సాకేనేమో. అయి ఉంటుంది.

దీని కింద నా పేరు రాయడం లేదు. ఆరేళ్ళ తర్వాత కూడా సంతకం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. కానీ ఆ రోజు స్టేషన్లో చెప్పవలసిన మాట ఒకటుంది. ఇంతవరకు దాన్ని ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు తలుపు వేసుకుని, పైకి చదువుతూ రాస్తున్నాను.  మొదటి సంతకం నాది సార్. కెజియాది రెండోది.