పది నిమిషాల కొలత

పిన్ని చేసిన ఆఖరి పని సీటు కింద బోల్టు బిగించడం. పానాని పావు చుట్టు తిప్పి, ఆగి, సీటుని అరచేత్తో ఒక చరుపు చరిచి, మళ్లీ వెంట్రుకవాసి తిప్పింది. హ్యాండిల్ మీద పడ్డ తన వేలిముద్రలు పాత గుడ్డతో తుడిచి, సైకిల్ని కరెంటు మీటర్ల రీడింగు తీసే ఆయన చేతికిచ్చింది. "కొత్త సీటు కాస్త కుంగుతుందండీ. వారం తర్వాత ఓసారి తీసుకురండి, ఎత్తు సరిచేస్తాను" అంది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, షెడ్డు తలుపు దగ్గరగా వేసి, కాసేపు నడుం వాలుస్తానని మెట్లెక్కింది. సాయంత్రం చిట్టి టీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు.

చిట్టి ఆమె అక్క కూతురు. ముప్పై అయిదేళ్లొచ్చినా ఆ పేరు వదల్లేదు. పదిహేడో ఏట కాలేజీ చదువుకని పిన్ని దగ్గరికి వచ్చి, షెడ్డు మీదున్న రెండు గదుల్లోనే ఉండిపోయింది. చదువయ్యాక ఇన్సూరెన్సు క్లెయిములకి నష్టం విలువ కట్టే సర్వేయరు దగ్గర ఉద్యోగంలో చేరింది. కాలిన సోఫాలూ, నీళ్లు తాగి ఉబ్బిన బీరువాలూ చూసి, ఇది ఇంత, అది అంత అని రాయడం ఆమె పని.

పిన్ని ఉక్కు గొట్టాలు కోసి, ఇత్తడి కరిగించి అతికి, మనిషికి తగ్గట్టు సైకిలు కట్టేది. దర్జీ చొక్కా కుట్టినట్టే, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఏడాదికి అయిదారు మించి కట్టేది కాదు. మిగతా రోజుల్లో పంక్చర్లు, బ్రేకులు. నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయన్నట్టు మాట పొదుపు, కానీ రాలినవి తగలాల్సిన చోటే తగిలేవి. ఎంత దూరం తొక్కినా ఒళ్లు అలవని సైకిలు కట్టమని ఒక లావుపాటి వ్యాపారి అడిగితే, "దాన్ని మంచం అంటారండీ, వడ్రంగి చేస్తాడు" అంది.

పిన్నికి కన్నే టేపు అని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. చిట్టి కాలేజీలో చేరిన నెలలోనే ఆమెకి నీలం రంగు సైకిలు కట్టి ఇచ్చింది. టేపు పెట్టలేదు, నిలబడమనలేదు. అయినా అది ఒంటికి ఎంత కుదిరిందంటే, పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా దాని మీదే ఆఫీసుకి వెళుతోంది. కంటి చూపుతోనే కట్టేశావా అని ఎవరైనా అడిగితే పిన్ని ఔననేది కాదు, కాదనేది కాదు.

మీటర్ రీడింగు ఆయనకి ఎడమ మోకాలు సగమే వంగుతుంది. ఆయన సైకిలుకి ఎడమ పెడల్ని పట్టి ఉండే క్రాంక్ కడ్డీ పొట్టి, సీటు గొట్టం వెనక్కి వాలుగా ఉంటుంది. ఏడేళ్ల కిందట పిన్ని కట్టినదే. దాని మీద ఆయన రోజుకి రెండు వందల ఇళ్లు తిరిగేవాడు. ఒక రోజు ఒక వ్యాను వెనక్కి వస్తూ దాన్ని గోడకేసి నొక్కేసింది. ఆయన పక్కకి దూకి, ఆ మోకాలి మీదే పడ్డాడు. ఆ తర్వాత నడిచి తిరుగుతుంటే సగం ఇళ్లు కూడా అయ్యేవి కావు. రెండు నెలలు చూసి, కుదరకపోతే కింద రికార్డుల గదిలో కుర్చీ వేస్తామన్నారు పైవాళ్లు. గడప గడపకీ పలకరింపులతో బతికిన మనిషికి ఆ గది చెరసాలే.

వ్యాను తాలూకు ఇన్సూరెన్సువాళ్లు, సైకిలుకి కంపెనీ పేరు లేదు, బిల్లు లేదు, పాత సైకిలు లెక్కే కడతామన్నారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఆ ఫైలు తిరిగి తిరిగి చిట్టి బల్ల మీదే పడింది. కట్టింది మా పిన్నే, వేరేవాళ్లకి ఇవ్వండి అని ఆమె సర్వేయరుతో చెప్పింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, మరీ మంచిది, ఆవిడ ఎక్కువ చెబితే నువ్వే పట్టుకుంటావు, సంతకం నేను పెడతాను కదా అన్నాడు.

ఆ ఆదివారం చిట్టి ఫారం పట్టుకుని షెడ్డులో స్టూలు మీద కూర్చుంది. నలిగిన సైకిలు బల్ల మీద ఉంది. పిన్ని ఆకురాయితో ఏదో రాస్తూనే జవాబులు చెప్పింది. గొట్టాలు కోయడానికి ఆరు గంటలు. అతకడానికి పన్నెండు. నునుపు చేయడానికి ఎనిమిది. రంగుకి ఆరు.

"కొలతలకి?"

"దానికేముందే. టేపు పెడితే పది నిమిషాలు."

"సరిగ్గా చెప్పు పిన్నీ. తక్కువ రాస్తే ఆ డబ్బుతో ఆయనకి బండి రాదు. నువ్వు ఊరికే కట్టి ఇచ్చేస్తావు, నాకు తెలుసు."

"వాళ్లిచ్చినా ఇవ్వకపోయినా ఆయన తిరగాలి కదా" అని పిన్ని ఆకురాయి మీది పొడి ఊదింది. "రాసుకో, పది నిమిషాలు."

చిట్టి రాసుకుంది. ఒక్కో పనీ సరిచూసింది, ఇంకో ఇద్దరు పనివాళ్లని అడిగింది, ఎక్కడా ఎక్కువ లేదు. కంపెనీ నసిగింది గానీ, చివరికి కొత్తది కట్టడానికి అయ్యే ఖర్చంతా ఒప్పుకుంది. పిన్ని మూడు వారాల్లో కట్టేసింది. ఆయన గడువుకి రెండు రోజుల ముందే సైకిలెక్కాడు. కంపెనీ ఒప్పుకున్న రోజు, తన ఉద్యోగంలో ఇంత సరిగ్గా విలువ కట్టింది ఇంకోటి లేదని చిట్టి మురిసిపోయింది.

పిన్ని పోయిన సరిగ్గా వారానికి ఆయన సైకిలు నడిపించుకుంటూ షెడ్డు ముందుకి వచ్చాడు. విషయం ఆయనకి తెలుసు. "రమ్మన్నారు కదమ్మా. రాకపోతే బాగుండదనిపించింది" అన్నాడు.

సీటు నిజంగానే కుంగింది. చిట్టి పానా తీసి, బోల్టు వదులు చేసి, ఆయన్ని ఎక్కించి, రెండుసార్లు పైకీ కిందికీ జరిపింది. మోకాలు ఎక్కడ తేలిగ్గా వంగుతుందో ఆమెకి అంతుపట్టలేదు. మూడోసారికి ఆయనే సరిపోయిందన్నాడు. దిగి, గోడ పట్టుకుని నిలబడి, మీ పిన్నిగారైతే ఇలా అడిగేవారు కాదమ్మా, ఆవిడకి నా కాలు నాకంటే బాగా తెలుసు అన్నాడు.

"కన్నే టేపు ఆవిడకి" అంది చిట్టి.

"కన్నా? తొమ్మిది రోజులు నాతో తిరిగారమ్మా మొదటిసారి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా. మొన్న దెబ్బ తగిలాక నడక మారిందని ఇంకో నాలుగు రోజులు. మీరు ముందు నడవండి అని పదడుగులు వెనకే వచ్చేవారు. మీకు పని చెడుతోందండీ అంటే, నడక కూడా పనేనా అన్నారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. పది నిమిషాలు అని తన చేత్తోనే రాసిన గడి చిట్టి కళ్లముందు కదిలింది. పిన్ని ఎక్కువ చెబుతుందేమోనని కాపలా కాసింది గానీ, దాచుకుంటుందని అనుకోలేదు.

ఆయన వెళ్లాక డ్రాయరు సర్దుతుంటే, పురికొసతో కట్టిన రసీదుల కట్ట కనిపించింది. అన్నీ బోల్టుల కొట్టువే. ఆ కొట్టుకి చిట్టి ఎప్పుడూ వెళ్లలేదు, సరుకు వాళ్లే పంపేవాళ్లు. కానీ దాని మాట ఒకప్పుడు విన్నది. కాలేజీలో చేరిన మొదటి వారం, బోల్టుల కొట్టు అటే కదా అని పిన్ని రోజూ పొద్దున్నే తనతో బయల్దేరేది. జిడ్డు చేతుల పిన్ని పక్కన నడవడానికి చిట్టికి నామోషీ వేసి, కొంచెం వెనగ్గా రా పిన్నీ అంది. పిన్ని నొచ్చుకోలేదు. "సరే, నువ్వే ముందు నడువు" అంది.

చిట్టి కట్ట విప్పి అడుగున ఉన్న పాత రసీదు తీసింది. తర్వాత పైనున్నది చూసింది. చిరునామా మారలేదు. కొట్టు మొదటినుంచీ వంతెన అవతలే ఉంది. కాలేజీకి వెళ్లే దారి వంతెనకి పూర్తిగా వ్యతిరేక దిక్కున.