దుప్పటి నాదే అన్న మనిషి

మా హాస్టల్ ఆయమ్మ పోయింది. ఆ సంగతి మాకు వాట్సాప్ గ్రూపులో, గీజర్ రిపేరు కబురుకీ శనివారం టిఫిన్ మెనూకీ మధ్యన అందింది. 'ఆయమ్మ ఎక్స్‌పైర్డ్. కొత్త మనిషి దొరికేవరకు ఎవరి బట్టలు వారే చూసుకోవలెను' అని ఓనరు గారు రాశారు. కింద దండం బొమ్మ. ఆ దండం ఆమెకో మాకో తెలియదు. పదిమంది బొటనవేళ్లు ఎత్తారు. చావు కబురుకి కూడా 'సరే' అని వేలెత్తే తెలివితేటలు చూసి ఆ పొద్దున ఆఫీసు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. స్మృతి వ్యాసం అంటే శాంతంగా రాయాలట. క్షమించాలి, ప్రస్తుతానికి నా దగ్గర శాంతం స్టాకు లేదు.

మాది చందానగర్ మార్కెట్ వెనక నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్. అందరం హైటెక్ సిటీ వైపు కంప్యూటర్ల ముందు కూర్చునే సరుకే. ఇన్ని ఇంజినీరింగ్ పట్టాల మధ్య నెత్తుటి మరక వదిలించడం తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె బడి మెట్లు కూడా ఎక్కలేదు.

కాకినాడ నుంచి వచ్చి చేరిన మొదటి నెలలోనే నా తెల్ల చుడీదార్‌కి మరకయింది. విద్యావంతురాలిని కనుక బకెట్ నిండా గీజర్ నీళ్లు పట్టి, సబ్బు పొడి కుమ్మరించి, అందులో ముంచాను. ఎర్రమరక కాస్తా ఇటుకరంగుకి తిరిగి, ఇక ఈ గుడ్డతోనే నా కాపురం అన్నట్టు అతుక్కుపోయింది. ఆయమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"ఏందమ్మా గిది? ఉడకబెడుతున్నవా?"

"వేడినీళ్లయితే బాగా వదులుతుందనండీ..."

"ఎవలు జెప్పిన్రు? కోడిగుడ్డు ఉడికినంక మళ్ల పచ్చిగైతదా? నెత్తురు గూడ గంతే. సల్లనీళ్లు వొయ్యాలె. అదీ జల్ది వొయ్యాలె."

"మా కాలేజీలో ఈ చాప్టర్ లేదండీ" అన్నాను వినయంగా.

"నీ అండీలు నాకొద్దు గని, పోయి ఉప్పు తే."

గుడ్డని తిరగేసి, వెనకవైపు నుంచి చల్లనీళ్లు ధారగా వదిలింది. మరక వచ్చిన దారినే బయటికి పోవాలట. తరవాత ఉప్పు, ఆ తరవాత బట్టల సబ్బు. గట్టిగా రుద్దితే ఇంకా లోపలికి పోతుందని బొటనవేలితో అదిమింది. నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టింది. పూర్తిగా పోనిదే ఎండలో వేయకూడదు, ఇస్త్రీ అసలే కూడదు. ఇంత చేసినా నా చుడీదార్ మీద టీ రంగు నీడ ఒకటి మిగిలిపోయింది. దాన్ని వేలితో చూపించి, "గిది నీ సదువు" అంది.

అప్పట్నించీ అలాంటి బట్టలు బాత్‌రూమ్ మూల బకెట్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయేవాళ్లం. సాయంత్రానికి ఎవరివి వాళ్ల మంచం మీద మడతపెట్టి ఉండేవి. ఏది ఎవరిదో ఆమెకి తెలుసు. ఎప్పుడూ పేరెత్తలేదు. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా ముడుచుకుపోతే మాత్రం, "సిగ్గెందుకు బిడ్డా? దొంగతనం జేసినవా?" అని కసిరేది.

పోయిన వేసవిలో మా ఓనరు గారికి పరిశుభ్రత మీద ప్రేమ పుట్టింది. ఉతకాల్సిన దుప్పట్ల కుప్పలోంచి ఒకటి లాగి, ఫొటో తీసి, 'ఇది ఎవరిది?' అని గ్రూపులో పెట్టారు. అన్నీ ఒకే రకం దుప్పట్లు, ఎవరిదని చెప్తాం? అది చాలక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గరికి దుప్పటితో సహా వేంచేశారు.

"చదువుకున్న ఆడపిల్లలేనా మీరు? చెప్పండి, ఎవరిది?"

అందరం పప్పన్నంలోకి తలలు దించుకున్నాం. నేను పక్కమ్మాయిని అనుమానంగా చూశాను, ఆమె నన్ను చూసింది. ఆయమ్మ గిన్నెలు కింద పెట్టి వచ్చి ఆయన చేతిలోంచి దుప్పటి గుంజుకుంది.

"నాదే సార్. మొన్న పగటీలి ఖాళీ మంచం మీద జర నడుము వాల్చిన."

"నీదా? ఈ వయసులోనా?"

"ఆఁ, నాదే. ఇగ నా ఫొటో గూడ తీస్తరా?"

హాలంతా గొల్లున నవ్వింది. ఓనరు గారు ఫోన్ మోగకపోయినా చెవికి పెట్టుకుని బయటికి నడిచారు. నేను లేచి చప్పట్లు కొట్టాను. "ఉత్తమ నటి అవార్డు నీకే ఆయమ్మా! ఇంత వయసొచ్చాక పెద్దమనిషివయ్యావ్, ఫంక్షన్ ఎప్పుడు?"

ఆమె నన్ను కాసేపు చూసింది. తరవాత నవ్వి, "జేద్దాం తియ్యి. నువ్వులు బెల్లం నువ్వే దంచాలె" అంది. మాలో ఎవరినో కాపాడడానికి నింద మీద వేసుకుందని ఆమెను మెచ్చుకుంటూ, ఆ 'ఎవరో' ఎవరని వారం రోజులు గుసగుసలాడుకున్నాం.

పన్నెండో రోజున హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక ఆమె ఇంటికి వెళ్లాను. కూతురు నా ఈడుదే, బాలానగర్‌లో ప్యాకింగ్ పనికి పోతుంది. ఓదార్పుగా ఉంటుందని ఈ దుప్పటి కథే చెప్పాను, అభినయంతో సహా. ఆ పిల్ల నవ్వలేదు.

"గది నిజంగ అమ్మదే అక్కా."

అభినయానికి ఎత్తిన చేతులు దించేశాను.

"ముట్లాగి పదేండ్లయింది. ఏడాదిన్నర కింద మళ్ల షురూ అయిందట. నాకు గూడ చెప్పలే. గర్భసంచి కాన్సరు, ముందుగాల ఎందుకు తోల్కరాలేదని డాక్టరమ్మ నన్నే తిట్టింది. ఎట్ల తోల్కపోతనక్కా? చీర మీద ఒక్క మచ్చన్న కండ్లవడ్డదా నాకు?"

ఎవరి మీద అరవను? ఆ దుప్పటి చేత్తో పట్టుకుని కూడా అందులో మురికి తప్ప మనిషిని చూడని ఓనరు మీదా? అందరి ముందూ, గొంతెత్తి, ఒకే ఒక్కసారి చెప్పిందామె. దాన్ని జోకు చేసింది నేను. ఆమె మీదా కోపమే. మాకు సిగ్గెందుకని కసిరావే, నీ దగ్గరికి వచ్చేసరికి ఆ సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందమ్మా? ఇది చదువుతున్న అమ్మలూ పిన్నులూ, ఎన్నడో ఆగిపోయిన నెత్తురు మళ్లీ కనబడితే బకెట్ దగ్గరికి పోకండి. ముందు దవాఖానకు పోండి. మరక ఉంటే ఉండనీయండి.

లేచి వస్తుంటే రేకుల షెడ్డు ముందు తీగ మీద లేత పసుపు చీర ఒకటి కనబడింది. ఎండకి బిగుసుకుపోయింది.

"దవాఖానకు పోయే పొద్దుగాల ఆటో వాకిట్లకొచ్చినా, 'జర ఆగుమను, గిది ఉతికొస్త' అన్నది. ఆరేసినంకనే ఎక్కింది. మళ్ల ఇంటికి రాలే. నాకు తీయబుద్ధి అయితలేదక్కా."

నేను క్లిప్పులు తీయకుండానే మడత విప్పాను. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, తిరగేసి మరీ వెతికాను. ఒక్క చుక్కయినా దొరికితే బాగుండునని వెతికాను. ఏమీ లేదు. వెనక లోకల్ రైలు వెళ్లింది. ఆ గాలికి చీర ఒక్కసారి నిండుగా ఉబ్బి, మళ్లీ ఖాళీగా వేలాడింది.