నూలు అన్న ఒక్క మాట

కోరుట్ల బస్టాండు ఎదుటి సందులో లతీఫుద్దీన్ ఫోన్ల రిపేరు బల్ల ముందు రోజూ ఎవరో ఒకరు ఆగుతారు.

"చాచా, బాంబులు గూడ జేస్తున్నవట గదా?"

లతీఫ్ కూడా నవ్వుతాడు. నవ్వి, ఖాళీ బల్లను గుడ్డతో తుడుస్తాడు. దాని మీద ఇప్పుడు సోల్డరింగ్ ఐరన్ లేదు, మీటరు లేదు, భూతద్దం లేదు. పోలీసులు తీసుకుపోయి నాలుగు నెలలైంది. సిరిసిల్లలో ఒక మనిషి చేయి కాల్చిన పొగపెన్నును, అంటే బ్యాటరీ మీద నడిచే ఈ-సిగరెట్టును, అతనే అమ్మాడని వాళ్ల అనుమానం. అతను అమ్మలేదు. గల్లా కింద డబ్బాలు పెట్టి అమ్మిన దుకాణం వేరే ఉంది. దానికి ఈనాటికీ తాళం పడలేదు. దేశమంతటా వాటి అమ్మకం నిషేధమని తెలిసి కూడా ఆ యజమానిని అడిగినవారు లేరు. పేరును బట్టి అనుమానించడం తేలిక కదా.

లతీఫ్ ఎందుకు ఎదురు చెప్పలేదంటే, అతని మనసులో ముల్లు ఒకటి ఉంది.

చేయి కాలిన ఆ మనిషి గోవర్ధన్. మరమగ్గం మీద పని. అత్తగారిల్లు కోరుట్లలో కాబట్టి, తన ఫోను పాడైనప్పుడల్లా లతీఫ్ దగ్గరికే తెచ్చేవాడు. బీడీ మానుకుందామని ఆ పెన్ను కొన్నాడు. వారం తిరక్కుండానే ఫోను చేశాడు.

"చాచా, పెన్ను మస్తు కాలుతుంది. పీలిస్తే మాడువాసన అస్తుంది."

"లోపటి వత్తి మాడింది. పారెయ్ తమ్మీ. గది మంచిది గాదు."

"బీడీ ఇడిసి ఆరు రోజులైతుంది చాచా. వత్తి మారిస్తె నడ్వదా?"

బల్ల ముందు గిరాకీ నిలబడి ఉంది. "నూలు సన్నగ పేని పెట్టు మరి" అని లతీఫ్ ఫోను పెట్టేశాడు.

లతీఫ్‌కు నూలు అంటే పత్తి. గోవర్ధన్‌కు నూలు అంటే మగ్గం మీద ఏదుంటే అది. ఆ నెలంతా మగ్గం మీద ఉన్నది పాలిస్టర్.

చేయి కాలిన సంగతి తెలిసి లతీఫ్ బస్సెక్కి సిరిసిల్ల పోయాడు. గోవర్ధన్ కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కట్టుకట్టి ఉన్నాయి. తెగిన పోగు ముడివేసే వేళ్లు అవే. భార్య రమ కరిగిన పెన్నును గుడ్డలో చుట్టి తెచ్చింది. మీట లోపలికి కుంగి, అక్కడే అతుక్కుపోయింది. నొక్కు వదలక తీగ కాలుతూనే ఉండి, మెత్తబడ్డ ప్లాస్టిక్ వేళ్లకు అంటింది.

లతీఫ్ సూదితో తీగను కదిపాడు. నల్లగా, గట్టిగా ఏదో తగిలింది.

"పత్తి కాలితె బూడిదయితది. గిది కరిగి పూసైంది, వేడి మీటకెక్కింది" అన్నాడు మెల్లగా.

గోవర్ధన్ ఎడమ చేత్తో ఆ పూసను తిప్పి చూశాడు. "పోగు కాల్చి పత్తా, పాలిస్టరా చెప్పేటోన్ని చాచా నేను. నా నోట్లె పెట్టుకునేదానికి సూసుకోలే."

"పత్తి అని జెప్పాలె నేను. నూలు అన్న."

"నువ్వు పారెయ్ అన్నవు గూడ" అంది రమ. "గా మాట ఈయన చెవికెక్కలే."

ఆమె అన్నదాంట్లో న్యాయముంది. కానీ లతీఫ్ ఆ మాటను తనకు ఊరటగా తీసుకోలేకపోయాడు. పోలీసులు బల్ల ఖాళీ చేస్తున్నప్పుడు నోరు మెదపకపోవడానికి అదే కారణం. చేయని అమ్మకానికి పడ్డ శిక్షను, తొందరలో అన్న మాటకు చెల్లించుకుంటున్నాడు.

ఆ పెన్ను ఎవరి దగ్గర కొన్నాడో చెప్పడానికి గోవర్ధన్ మూడుసార్లు కోరుట్ల పోలీసు స్టేషనుకు వచ్చాడు. మూడుసార్లూ "సారు లేడు, రేపు రా" అన్నారు. అతని వేళ్లు ఇంకా పూర్తిగా వంగవు. మగ్గం మీద ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు.

మీ ఇంట్లో అలాంటి పెన్ను ఉండి, అది వేడెక్కితే, విప్పకండి, వత్తి మార్చకండి, చార్జింగు పెట్టకండి. మనుషులకు, మంటకు దూరంగా బయట పెట్టండి. పొగ మానాలనుకునేవాళ్లను దవాఖానకు తీసుకుపోండి. ఇంకో పని కూడా ఉంది. వచ్చే సోమవారం గోవర్ధన్ నాలుగోసారి స్టేషనుకు వస్తున్నాడు. పదిమందీ కలిసి అతని వెంట నడవండి. అమ్మినవాడి పేరు రాసుకొమ్మని అడగండి. ఆ సందులో బాంబు మాట వినపడితే, నవ్వకండి.