సత్తమ్మ పెరట్లో తూము రాయి

సత్తమ్మకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఎట్లా ఉంటుంది మరి? జనగామ దిక్కు నుంచి వచ్చి, మల్లాపూర్‌లో బల్బుల ఫ్యాక్టరీలో పదహారేళ్ళు డబ్బాలు అంటించి, నాచారం చెరువు పక్కన అరవై గజాల్లో రేకుల ఇల్లు వేసుకున్న ఆడమనిషి. మొగుడు పోయాక ఆ ఇంటి మీద కన్నేసిన వాళ్ళలో సొంత మరిది కూడా ఉన్నాడు.

రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో ఆ వీధిలోకి అచ్యుతరావు దిగబడ్డాడు. రిటైరైన సోషల్ పంతులు. నెత్తిన టోపీ, చేతిలో నోటుబుక్కు. పాత చెరువు ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో నడిచి తెలుసుకుంటాడట. నాలుగడుగులు వేసేవాడు, ఆగేవాడు, రాసుకునేవాడు. అంత ఎండలో చెరువు చరిత్ర కోసం ఎవడైనా తిరుగుతాడా? సత్తమ్మ నమ్మలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

ఆయన్ను గేటు దగ్గరే ఆపి, నెత్తి నుంచి కాళ్ళదాకా ఒక చూపు చూసింది.

"అమ్మా, చెరువు నీళ్ళు పొలాలకు ఇడిసే తూము ఈడనే ఉండెనంట. నిలువు రాయి, దాని మీద చేప బొమ్మ. ఎప్పుడన్న చూసిన్రా?"

"మాకేం ఎర్కలేదు సారు. గటు పోయి అడుగుండ్రి."

అని గేటు మూసేసింది. ఆ చేప రాయి ఆమె పెరట్లోనే, ఇంటి వెనక పాతుకొని ఉంది. దానికే బట్టల తీగ కట్టింది. చెరువు రాయి దొరికితే ఇల్లు చెరువులో ఉన్నట్టే అనుకుంది పాపం. ఆ ఆదివారమే రాళ్ళు కొట్టే రామస్వామితో దాన్ని పెకిలించి, నాలుగు ముక్కలు చేయించి, స్నానాల గదిలో పరిచి మీద సిమెంటు పోయించింది. అప్పుడు గానీ అన్నం సయించలేదు.

వానలు పడ్డాక సర్వేవాళ్ళు వచ్చి ఆమె గోడ మీద ఎర్ర గీత కొట్టారు. చెరువు జాగా, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలన్నారు. "గా టోపీ ముసలోడే జేసిండు" అని వీధంతా వినబడేలా తిట్టిపోసింది. మర్నాడు ఆ ముసలాయనే పాత నక్షా పట్టుకొని రొప్పుతూ వచ్చాడు.

"సత్తమ్మా, వాళ్ళు తప్పు గీసిన్రు. తూముకు అటు చెరువు, ఇటు పొలాలు. మీ ఇల్లు పొలాల దిక్కే ఉన్నది. రాయి నాటిన జాగ చూపిస్తే చాలు, గీత తుడిపేస్తరు. జర యాదికి తెచ్చుకోండి."

సత్తమ్మ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. గడ్డపార తెచ్చి తన చేత్తోనే గచ్చు పగలగొట్టింది. పెరట్లో పాత గుంత దగ్గరే ఇద్దరూ ముక్కలు పేర్చారు. తోక దగ్గర పెచ్చు తప్ప చేప బాగానే కుదిరింది.

సర్వే అధికారి ఉమామహేశ్వర్ వచ్చి వంగి చూశాడు. రాయికి అంటిన సిమెంటును గోటితో గీకాడు. తర్వాత సత్తమ్మను నెత్తి నుంచి కాళ్ళదాకా ఒక చూపు చూశాడు.

"ఈ రాయి ఎక్కడి నుంచి తెచ్చినవమ్మా?" అన్నాడు.